కుంట ఎందుకు పచ్చబడింది? సముద్రం ఎందుకు రంగు మారింది?



ఈ నెల గోడ పత్రికలో సైన్స్ వ్యాసం రాసే వంతు నాకు వచ్చింది. నేను నాచు గురించి రాస్తున్నాను. "నాచు గురించి రాసేది ఏముంటది? కాలు పెడితే జారుతది, అంతే కదా" అని మా గదిలో అందరూ నవ్విండ్రు. చివరి దాకా చదవండి, ఆ తర్వాత నవ్వండి.

ముందుగా రెండు సంగతులు చెప్తాను. ఒకటి మా గూడెంది, రెండోది హైదరాబాద్‌ది.

మా గూడెం ఉట్నూరు వైపు ఉంటది. మా గోండీలో నీళ్ళను యేర్ అంటాం. గూడెం కింద ఒక కుంట ఉంది. మా పశువులన్నీ అక్కడే తాగుతయి. పోయిన ఎండాకాలం మే నెలలో కుంట సగానికి ఎండింది. మిగిలిన నీళ్ళ మీద పచ్చటి మీగడ లాగ ఒకటి కట్టింది. రెండు రోజుల్లో ఒక లేగదూడ, మూడు మేకలు కుంట ఒడ్డునే చచ్చిపోయినయి. ఒంటి మీద దెబ్బ లేదు, పాము కాటు లేదు. ఊర్లో అందరికీ భయం పట్టుకుంది.

మా ఊర్లో ఒక ముసలామె ఉంది. నాకు అమ్మమ్మ వరస అవుతది. ఆమెకు ఎవరూ లేరు. రోజూ పొద్దున కుంట గట్టు మీద కూర్చుంటది. ఎవరు మొదలు పెట్టిండ్రో తెలియదు గానీ, ఆమె కన్ను మంచిది కాదు, ఆమె ఏదో చేసింది అన్నరు. ఆ తర్వాత ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. మా అవ్వ కూడా నన్ను ఆమె ఇంటి వైపు పోవద్దన్నది. నేను పోలేదు. ఇది రాయాలంటే నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే చిన్నప్పుడు నాకు ఇప్పపూలు ఏరడం నేర్పింది ఆమే.

రెండో సంగతి. జూన్ నెల మొదట్లో బాపు నన్ను హైదరాబాద్ తీసుకపోయిండు. మా పెద్దబాపు బిడ్డ అక్కడ అశోక్ నగర్‌లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నది. ముషీరాబాద్, చిక్కడపల్లి, అశోక్ నగర్ అన్నీ పక్కపక్కనే. ఎక్కడ చూసినా కోచింగ్ బోర్డులు, జిరాక్స్ షాపులు, పుస్తకాలు పట్టుకొని నడిచే అన్నలు, అక్కలు. ఒక చిన్న గదిలో నలుగురు అక్కలు ఉంటున్నరు. కిటికీ తెరిస్తే వాసన. నేను ముక్కు మూసుకున్న. అక్క నవ్వి "ఇది హుస్సేన్ సాగర్ నుంచి వచ్చే నాలా. ఇట్లనే పోయి మూసీల కలుస్తది" అన్నది.

8వ తారీఖు మృగశిర కార్తె. ఆ రోజు చేప తింటే మంచిదని పట్నంలో అందరూ నమ్ముతరు. అక్కలు నన్ను రాంనగర్ చేపల మార్కెట్‌కు తీసుకపోయిండ్రు. జాతర లాగ ఉంది! చెరువు చేపలు ఒక వైపు, ఐసు గడ్డల మధ్య సముద్రం చేపలు ఒక వైపు. వంజరం అనే చేపను నేను అప్పుడే చూసిన. చేపలమ్మే ఆమెను "సముద్రం కూడ మా కుంట లాగ పచ్చబడతదా అమ్మా?" అని అడిగిన. ఆమె "అవుతది బిడ్డా. నీళ్ళ రంగు మారితే వల ఏసినా చేప పడదని సరుకు తెచ్చేటోళ్ళు చెప్తరు" అన్నది.

సాయంత్రం ట్యాంక్ బండ్ మీదికి పోయినం. బుద్ధుని విగ్రహం, పడవలు, లైట్లు అన్నీ బాగున్నయి. కాని గోడ మీద నుంచి కిందికి వంగి చూస్తే గాలి కొట్టే వైపు నీళ్ళ మీద ఎవరో ఆకుపచ్చ రంగు డబ్బా పారబోసినట్టు ఉంది. నాకు ఒళ్ళు జల్లుమన్నది. అది మా కుంట మీద చూసినట్టే ఉంది. హైదరాబాద్ చెరువుకు ఏ ముసలామె కన్ను తగిలింది? అని నాలో నేనే అడుగుకున్న.

తర్వాత నాలుగు రోజులు అక్కతో పాటు చిక్కడపల్లి లైబ్రరీకి పోయి కూర్చున్న. తెలిసింది నోట్ బుక్‌లో రాసుకున్న. తిరిగి వచ్చినాక మన సైన్స్ మేడమ్ తప్పులు దిద్దింది. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

నాచు అంటే ఏమిటి?

పుస్తకంలో శైవలాలు అని ఉంటుంది. కొన్ని దారాల లాగ ఉంటాయి, కొన్ని కంటికి కనిపించనంత చిన్నవి. వీటికి వేరు, కాండం, ఆకు ఉండవు. కాని చెట్ల లాగే ఎండతో, నీటితో, బొగ్గుపులుసు గాలితో తమ తిండి తామే తయారు చేసుకుంటాయి. దానినే కిరణజన్య సంయోగక్రియ అంటారు. ఎండాకాలం చెరువులను పచ్చగా చేసే వాటిలో ముఖ్యమైనవి నీలి ఆకుపచ్చ శైవలాలు. నిజానికి ఇవి ఒక రకం బాక్టీరియా. వీటిని సయానో బాక్టీరియా అంటారు.

నాచు మన శత్రువు కాదు. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం భూమి గాలిలో మొదటిసారి ప్రాణవాయువు పెరిగింది ఈ సయానో బాక్టీరియా వల్లనే. ఇప్పుడు కూడ భూమి మీద తయారయ్యే ప్రాణవాయువులో దాదాపు సగం సముద్రంలోని సూక్ష్మమైన మొక్కల వంటి జీవులదే. వాటిని చిన్న జీవులు తింటాయి, ఆ జీవులను చేపలు తింటాయి. నాచు లేకపోతే వంజరం లేదు. కావున తప్పు నాచుది కాదు, అది హద్దు లేకుండా పెరగడంలో ఉంది.

ఎంత తొందరగా పెరుగుతుందో లెక్క చేద్దాం. ఒక కణం రోజుకు ఒకసారి రెండుగా చీలిందనుకోండి. 10 రోజులకు 1,024 అవుతాయి. 20 రోజులకు 10 లక్షల 48 వేలు దాటుతాయి. అందుకే నిన్న బాగున్న చెరువు వారంలో పచ్చబడినట్టు అనిపిస్తుంది.

హద్దు ఎప్పుడు దాటుతుంది?

దీనికి నాలుగు సంగతులు కలవాలి. పొయ్యి మండాలంటే కట్టె, గాలి, నిప్పు అన్నీ ఎట్లా కావాలో అట్లా.

1. తిండి: నాచుకు ముఖ్యంగా నత్రజని, భాస్వరం కావాలి. పొలంలో వేసే యూరియాలో నత్రజని ఉంటుంది. డీఏపీలో రెండూ ఉంటాయి. మనుషుల మలమూత్రాలలో, పేడలో, కొన్ని రకాల బట్టల సబ్బు పొడులలో కూడ ఇవి ఉంటాయి. సముద్రపు నాచులో ఒక పాలు భాస్వరానికి సుమారు 16 పాళ్ళు నత్రజని ఉంటుందని శాస్త్రజ్ఞులు పరమాణువులు లెక్కకట్టి చెప్పారు. అంటే కొంచెం భాస్వరం కలిసినా చాలా నాచు పెరగగలదు.

2. వేడి: నీలి ఆకుపచ్చ రకాలకు 25 డిగ్రీలు దాటిన నీళ్ళు చాలా ఇష్టం. మన ఎండాకాలం వాటికి పండుగ.

3. కదలని నీరు: వాగు పారుతుంటే నాచు కొట్టుకుపోతుంది. నీరు నిలబడితే అది కూడ నిలబడుతుంది. మైక్రోసిస్టిస్ అనే రకానికి కణంలోనే గాలి బుడగలు ఉంటాయి. వాటితో పైకి తేలి ఎండ పట్టుకుంటుంది, కింద ఉన్న వాటికి ఎండ తగలనివ్వదు. గాలి వీస్తే అదంతా ఒక ఒడ్డుకు చేరి మీగడ కడుతుంది.

4. ఎండ: వెలుతురు లేకపోతే నాచు పెరగదు. ఇది గుర్తు పెట్టుకోండి, చివరిలో మన హాస్టల్ గురించి చెప్పేటప్పుడు అవసరం.

హుస్సేన్ సాగర్‌కు ఏమయింది?

ఈ చెరువును ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1562లో కట్టారు. చాలా కాలం నగరానికి తాగే నీళ్ళు ఇచ్చింది. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చిన తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినయి. తాగే నీళ్ళు అక్కడి నుంచి రావడం మొదలయింది. తాగని చెరువును ఎవరు పట్టించుకుంటరు? ఊరు పెరిగింది. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా అన్నీ వచ్చి చెరువులో పడతయి. ఒకప్పుడు వాన నీళ్ళు తెచ్చిన ఈ నాలాలు ఇండ్ల మురుగును, జీడిమెట్ల, సనత్‌నగర్, బాలానగర్ వైపు ఫ్యాక్టరీల నీళ్ళను తెచ్చినయి. ఏండ్ల తరబడి వచ్చిన భాస్వరం అడుగున బురదలో చేరింది. కొత్త మురుగు ఆపినా ఆ బురద నుంచి మళ్ళీ పైకి వస్తుంది. అందుకే చెరువు తొందరగా బాగుపడదు.

బాగుచేసే పనులు కూడ జరిగినయి. 2006లో జపాన్ అప్పుతో ఒక పెద్ద పథకం మొదలయింది. నాలాల మురుగును చెరువులోకి రాకుండా మళ్ళించి, బురద కొంత తీసిండ్రు. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. కాని పెద్ద వాన వస్తే మురుగు, వాన నీరు కలిసి పొంగి మళ్ళీ చెరువులోకి వస్తయి.

హైదరాబాద్ చెరువుల నాచును మన వాళ్ళు ఎప్పటి నుంచో చదువుతున్నరు. ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన ఎ.ఆర్. జాఫర్ గారు హైదరాబాద్ చేపల చెరువుల్లోని నాచు మీద చేసిన పరిశోధన 1964లో విదేశీ శాస్త్ర పత్రికలో వచ్చింది.

మరి సముద్రం సంగతి?

సముద్రంలో కూడ అవే నాలుగు సంగతులు, కాని కొంచెం వేరుగా. గోదావరి, కృష్ణ వంటి నదులు వానాకాలంలో పొలాల ఎరువును, ఊర్ల మురుగును తీసుకపోయి బంగాళాఖాతంలో పోస్తాయి. మంచి నీరు తేలిక, ఉప్పు నీరు బరువు. అందుకని నది నీరు పైన పొర లాగ పరుచుకుంటుంది. పై పొర, కింది పొర కలవకపోతే సముద్రం కూడ కదలని కుంట లాగ అవుతుంది. ఇంకొకటి ఉంది. కొన్ని నెలల్లో గాలి తీరం వెంట వీచి పై నీళ్ళను దూరం నెడుతుంది. అప్పుడు లోతు నుంచి చల్లని, తిండి ఎక్కువ ఉన్న నీరు పైకి వస్తుంది. విశాఖపట్నం తీరంలో ఇట్లా జరగడాన్ని 1950ల లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధించారు. ఈ రెండోది మనుషులు చేసేది కాదు, ప్రకృతి చేసేదే. కావున సముద్రం రంగు మారిన ప్రతిసారీ మురుగే కారణం అనకూడదు. కాని మురుగు కలిస్తే అది తరచుగా, ఎక్కువగా వస్తుంది.

2019 సెప్టెంబర్‌లో తమిళనాడు దగ్గర మన్నార్ సింధుశాఖలో సముద్రం పచ్చబడి చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినయి. దానికి కారణం నాక్టిలూకా అనే జీవి. రాత్రి పూట అల కదిలితే నీలంగా మెరుస్తుంది. చూడడానికి మిణుగురు పురుగుల లాగ అందంగా ఉంటుంది, కాని ఎక్కువయితే చేపకు ఊపిరి ఆడదు.

1997లో కేరళలోని విళింజం దగ్గర ఇంకా ఘోరం జరిగింది. కొన్ని రకాల సముద్రపు నాచులో విషం ఉంటుంది. ఆల్చిప్పల వంటి జీవులు నీటిని వడబోసి ఆ నాచును తింటాయి. వాటికి ఏమీ కాదు, కాని విషం వాటి ఒంట్లో చేరుతుంది. వాటిని వండుకొని తిన్న వారిలో 7 మంది చనిపోయారు. వండినా ఆ విషం పోదు.

మీకు ఒక విచిత్రం చెప్పనా? సముద్రమే లేని హైదరాబాద్‌లో సముద్రం కోసం ఒక పెద్ద ఆఫీసు ఉంది! ప్రగతి నగర్‌లో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం అది. ఇన్‌కాయిస్ అంటారు. 1999లో పెట్టిండ్రు. సునామీ వస్తే హెచ్చరించేది వాళ్ళే. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం సముద్రం రంగును కొలుస్తుంది. ఆకుపచ్చ పదార్థం ఎక్కడ ఎక్కువయిందో చూసి నాచు ఎక్కడ విరబూసిందో వాళ్ళు చెప్తరు. ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరం, ఈ నాలుగు చోట్లను ముఖ్యంగా చూస్తుంటరు.

హాని ఎట్లా జరుగుతుంది?

రెండు రకాలుగా. మొదటిది ఊపిరి ఆడకపోవడం. పగలు నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది. నాచు చచ్చి కుళ్ళేటప్పుడు కుళ్ళబెట్టే బాక్టీరియా కూడ తీసుకుంటుంది. అందుకే తెల్లారుజామున చేపలు నోరు తెరిచి పైకి వస్తయి. దానికి తోడు వేడి నీరు ప్రాణవాయువును తక్కువ పట్టుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే.

రెండోది విషం. మైక్రోసిస్టిస్‌లో కొన్ని కాలేయాన్ని పాడుచేసే విషం తయారు చేస్తాయి. తాగే నీళ్ళలో ఆ విషం లీటరుకు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షల వంతు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అన్ని పచ్చ నీళ్ళూ విషం కావు. కాని ఏది విషమో కంటితో చూసి చెప్పలేము. ఇంకో ముఖ్యమైన మాట: నీళ్ళు కాచినా ఈ విషం పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో 4 లక్షల మందికి పైగా జనానికి నల్లా నీళ్ళు తాగవద్దు, కాచి కూడ తాగవద్దు అని చెప్పారు. వాళ్ళ సరస్సులో ఇదే మీగడ కట్టింది.

2020లో ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో 330కి పైగా ఏనుగులు చచ్చిపోయినయి. వేటగాళ్ళు విషం పెట్టిండ్రని మొదట అనుమానించిండ్రు. కాని దంతాలు అట్లనే ఉన్నయి. సెప్టెంబర్‌లో ఆ ప్రభుత్వం, కుంటల్లోని సయానో బాక్టీరియా విషం కారణం అని చెప్పింది. ఇది చదివినప్పుడు నేను లైబ్రరీలోనే ఏడ్చిన. అక్క కంగారు పడి ఏమయిందే అని అడిగింది. మా అమ్మమ్మ వరస ముసలామె గుర్తొచ్చింది అని చెప్పిన.

మేము చేసిన ప్రయోగం

జూలైలో సైన్స్ మేడమ్ అనుమతితో ఐదు గాజు సీసాలు తీసుకొని వాగు నీళ్ళు నింపినం. ఒకదానిలో ఏమీ కలపలేదు. రెండోదానిలో చిటికెడు యూరియా, మూడోదానిలో చిటికెడు డీఏపీ, నాలుగోదానిలో సబ్బు పొడి వేసినం. ఐదోదానిలో డీఏపీ వేసి నల్ల గుడ్డ చుట్టినం. అన్నీ మెట్ల దగ్గర ఎండలో పెట్టినం. ఆరో తరగతి పిల్లలు సబ్బు సీసాను పారబోసిండ్రు, కనుక దాని ఫలితం లేదు. 12 రోజులకు డీఏపీ సీసా బాగా పచ్చబడింది. యూరియాది కొంచెం. ఏమీ కలపనిది ఇంకా తక్కువ. నల్ల గుడ్డ సీసా మాత్రం పచ్చబడలేదు. తిండి ఉన్నా వెలుతురు లేకపోతే పెరగదని తేలింది. ఒక్కో రకం ఒక్క సీసానే పెట్టినం కాబట్టి మళ్ళీ చేసి చూడాలని మేడమ్ చెప్పింది.

మా కుంట సంగతి ఇప్పుడు ఆలోచించండి. మా తాత కాలంలో చుట్టూ జొన్న. ఇప్పుడు అంతా పత్తి. పత్తికి యూరియా, డీఏపీ బస్తాలు బస్తాలు వేస్తరు. వాన పడితే అది కడుక్కొని కుంటలోకి వస్తది. మే నెలలో నీరు తగ్గింది, వేడెక్కింది, కదలలేదు. నాలుగు సంగతులూ కలిసినయి. పశువులు చచ్చింది కూడ గాలికి మీగడ చేరిన ఒడ్డు వైపే. అప్పుడు నీళ్ళను ఎవరూ పరీక్ష చేయించలేదు, కనుక నాచే చంపింది అని నేను గట్టిగా అనను. కాని నీళ్ళను పరీక్ష చేయవచ్చు. ముసలామె కన్నును ఏ పరీక్ష చేస్తరు? పరీక్ష చేయలేని దానిని పట్టుకొని ఒక మనిషిని వెలివేయడం తప్పు.

ఈ మాటలే ఉత్తరం రాసి బాపుకు పంపిన. బాపుకు చదువు రాదు, పక్కింటి తమ్ముడు చదివి వినిపించిండు. బాపు రాయి సెంటర్‌లో పెద్దల ముందు ఈ సంగతి పెట్టిండట. మీగడ చేరే ఒడ్డుకు ముండ్ల కంచె వేసి, పశువుల కోసం వాగులో చెలిమె తవ్వుదామని అనుకున్నరట. ముసలామె సంగతి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. దీపావళికి దండారి పండుగకు నేను ఇంటికి పోత. ముందు ఆమె ఇంటికే పోత.

మనము చేయవలసినవి

1. పచ్చ మీగడ కట్టిన నీళ్ళు తాగవద్దు, స్నానం చేయవద్దు. కాస్తే సరిపోతుంది అనుకోవద్దు.
2. సెలవులకు పోయినప్పుడు పశువులను ఆ ఒడ్డుకు పోనివ్వకండి. పశువు చస్తే వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి, ఆ నీళ్ళు పరీక్ష చేయమని అడగండి.
3. వాన వచ్చే ముందు ఎరువు చల్లవద్దని ఇంట్లో చెప్పండి. పొలానికి, కుంటకు మధ్య కొంత గడ్డిని వదలాలి. గడ్డి ఎరువును కొంత ఆపుతుంది.
4. బట్టలు ఉతికిన నీళ్ళను వాగులోకి వదలకుండా అరటి చెట్లకు పోద్దాం.
5. వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. మన పై ట్యాంకు మూత సగం పగిలి ఉంది. ఎండ పడి లోపల గోడలకు నాచు పడుతున్నది. అది విషం అని నేను అనడం లేదు. కాని మూత మూస్తే వెలుతురు ఉండదు, వెలుతురు లేకపోతే నాచు ఉండదు. నల్ల గుడ్డ సీసా మెట్ల దగ్గరే ఉంది, మీరు వచ్చి చూడవచ్చును. ట్యాంకు కడగడానికి 9వ తరగతి వాళ్ళం ఆదివారం వస్తాం.

ఈ వ్యాసంలో తప్పులుంటే పెద్ద మనసుతో దిద్దగలరు. ఇప్పుడు నవ్వాలనుకున్న వాళ్ళు నవ్వవచ్చు.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని